కథకు అందని ఆరు నెలలు: తెలుగు రచనలో పట్టణ పేదల అనారోగ్యం

తెలుగు సాహిత్యంలో పేదలు జబ్బుపడే సన్నివేశాలకు కొదవ లేదు. ఆ జబ్బుకు వారు వైద్యం ఎలా సంపాదించుకుంటారు, లేదా ఎందుకు సంపాదించుకోలేకపోతారు అన్నది మాత్రం రచనల్లో చాలా తక్కువగా కనిపిస్తుంది. రోగం కరుణకు ఆలంబనగానో, కథను ముగించే మృత్యువుకు కారణంగానో వస్తుంది. ఓ.పి. చీటీ, వరుస, పోయిన కూలి, అరువు మందు వంటివి వస్తువుగా మారవు. ఈ లోపాన్ని రచయితల సానుభూతి కొరతగా భావించడం సరికాదు. దీని మూలాలు ప్రక్రియా స్వభావంలోనూ, విమర్శ వాడుతున్న పరిభాషలోనూ ఉన్నాయి.

ముందుగా పరిభాష సంగతి. ‘మురికివాడ’ అన్న మాటను పరిశోధకులు ఏ సంకోచమూ లేకుండా వస్తు విభజనకు వాడుతున్నారు. అక్కడ నివసించేవారు తమ చోటును పేట అనో, బస్తీ అనో, కాలనీ అనో పిలుచుకుంటారు. మురికి అనేది బయటినుంచి చూసినవారు పెట్టిన గుర్తు. 1956 నాటి కేంద్ర మురికివాడల చట్టం శిథిలమైన ఇళ్లు, ఇరుకు, గాలీ వెలుతురూ పారిశుద్ధ్యమూ లేకపోవడం వల్ల నివాసుల భద్రతకు, ఆరోగ్యానికి లేదా నైతికతకు హాని కలిగించే ప్రాంతాలను ఈ కోవలో చేర్చింది. ఆరోగ్యాన్నీ నైతికతనూ ఒకే వాక్యంలో కూర్చడం గమనించదగిన విషయం. ఆచరణలో ఈ రెండింటిలో పేట గడప ముందుగా తొక్కింది నైతికతే, అదీ పోలీసు రూపంలో. మన కథ కూడా ఎక్కువగా ఆ అడుగుజాడల్లోనే నడిచింది.

రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ ఇందుకు ఉత్తమ నిదర్శనం. ‘మాయ’లో సారా కేసులో చిక్కుకున్న ముత్యాలమ్మ యువ న్యాయవాదికి తన బతుకును, దానితోపాటు వ్యవస్థ బతుకును కూడా విప్పి చెబుతుంది. పేట మనిషి అంత సేపు మాట్లాడటం, చదువుకున్నవాడు నోరు మూసుకుని వినడం తెలుగు కథ సాధించిన గొప్ప విజయాల్లో ఒకటి. అయితే ఆ మాటకు చోటిచ్చింది న్యాయవ్యవస్థ. సారా అక్కడ ముఖ్యంగా నేరమూ, బేరమూ. కాలేయాన్ని తినే ద్రవంగా దాని చరిత్ర వేరే కథ కావలసి ఉంది. న్యాయవాది ముందు ముత్యాలమ్మ నిలిచినట్లుగా వైద్యుని ముందు నిలిచి తన నీరసాన్నీ, ఆయాసాన్నీ తన మాటల్లో చెప్పి, ఎదుటివాడిని వినేలా చేసిన స్త్రీ పాత్రను అంత స్పష్టంగా చూపడం కష్టం. రావిశాస్త్రి న్యాయవాది కావడం ఇందుకు ఒక కారణమే గాని, పూర్తి సమాధానం కాదు. ఆయన నగరమైన విశాఖపట్నంలో 1923 నుంచి వైద్య కళాశాల ఉంది. 2011 జనగణన ప్రకారం పది లక్షలకు మించిన జనాభా గల నగరాల్లో మురికివాడల కుటుంబాల వాటా అత్యధికంగా, 44 శాతం, ఉన్నదీ అక్కడే. పెద్దాసుపత్రి, పేట పక్కపక్కనే ఉన్నా వాటి మధ్య దారి కథగా మారలేదు.

శ్రీశ్రీ ‘భిక్షు వర్షీయసి’ని ఈ దృష్టితో మళ్లీ చదవాలి. దారి పక్కన చెట్టు కింద జబ్బుపడిన ముసలమ్మ దిక్కులేక పడి ఉంటుంది. ఏ జబ్బో కవి చెప్పడు. ఆమె మరణిస్తే ఆ పాపం ఎవరిదని గాలి అడిగినప్పుడు అక్కడ ఉన్నవి కుక్క, తొండ, ఎగిరి వచ్చిన ఎంగిలాకు. మనిషి లేడు. ఈ లేమిలోనే కవిత అభియోగం ఉంది, అందుకే అది నేటికీ పదునుగా ఉంది. అయినా ఒకటి ఒప్పుకోవాలి. బాధ్యతను అందరి మీదా మోపిన ప్రశ్న ఏ ఒక్కరినీ నిలబెట్టి అడగదు. తర్వాతి కవిత్వంలో ఈ ప్రశ్న అనేకసార్లు అనుకరణకు గురై, ఆ క్రమంలో మొద్దుబారింది.

చాసో ‘వాయులీనం’లో భార్య జబ్బు ఖర్చు ఆమె సంగీతాన్నే ఇంటినుంచి తీసుకుపోతుంది. వైద్యం అంటే ఇంట్లోని ఒక వస్తువు బయటికి వెళ్లడమని ఇంత క్లుప్తంగా చెప్పిన కథ మరొకటి చూపడం సులభం కాదు. కాని అది అమ్ముకోవడానికి వాయులీనం ఉన్న ఇల్లు. అడ్డా మీద నిలిచే కూలీకి అమ్ముకోవడానికి ఉన్నది ఆ రోటి పగలే. ప్రభుత్వాసుపత్రిలో ఓ.పి. నడిచేదీ, అడ్డా మీద పని దొరికేదీ ఉదయం పూటే. సాయంత్రం పేటలోనే సూదిమందు వేసి, డబ్బు శనివారం ఇమ్మనే ఆర్.ఎం.పి. దగ్గరికి కూలీ వెళ్లడాన్ని అజ్ఞానంగా చిత్రించే రచనలు ఈ లెక్కను విస్మరిస్తున్నాయి.

ప్రక్రియ సమస్య క్షయ విషయంలో మరింత స్పష్టంగా తెలుస్తుంది. మందులు లేని కాలంలో క్షయ కథకు ఎంతో అనువైన రోగం: దగ్గు, రక్తం, మరణం. మందులు వచ్చాక సాధారణ క్షయకు చికిత్స ఆరు నెలలు. రెండో నెలకే దగ్గు తగ్గుతుంది, కూలీ పనికి పోతాడు, మాత్రలు ఆగిపోతాయి, రోగం మొండిదై తిరిగి వస్తుంది. అసలు విషాదం ఆ మధ్య నెలల్లో, ఏమీ జరగనట్లు కనిపించే రోజుల్లో ఉంది. సంఘటన మీద ఆధారపడే కథానిక దాన్ని పట్టుకోలేకపోయింది. విచిత్రమేమిటంటే ప్రభుత్వ పథకానికీ ఇదే బలహీనత ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ తొలి రూపంలో ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే పెద్ద చికిత్సలకే వర్తించింది. గుండె ఆపరేషన్‌కు చోటు దొరికింది. ఆ గుండెను చెడగొట్టిన రక్తపోటుకు రోజూ వేసుకోవలసిన మాత్ర మాత్రం దాని పరిధిలోకి రాలేదు.

సాహిత్యం ఆరోగ్యశాఖ నివేదిక కానక్కరలేదన్న అభ్యంతరం సమంజసమే. అయితే నివేదికకు అందనిది నిరీక్షణ, సిగ్గు, వైద్యునికి అర్థమయ్యేలా చెప్పలేని నొప్పి. ఇవి సాహిత్యపు సొంత సొత్తు. స్త్రీల బృందం రూపొందించగా 1991లో వెలువడిన ‘సవాలక్ష సందేహాలు’ స్త్రీల ఆరోగ్యాన్ని వారి ప్రశ్నల నుంచే చర్చించింది. పేరులోనే సందేహించే గొంతుకు పెద్దపీట వేసిన ఆ గ్రంథాన్ని వైద్య విభాగంలో చేర్చి, వచన చరిత్రకారులు పక్కన పెట్టడం అన్యాయం. అలాగే 2018లో హైదరాబాదులో మొదలైన బస్తీ దవాఖానాల సామర్థ్యం వేరే చర్చ అయినా, ‘మురికివాడ’ను వదిలి జనం మాటలను బోర్డు మీదికి తెచ్చిన ఆ పేరును భాషాపరిశోధకులు గమనించాలి. పేట మనుషుల అనారోగ్య కథనాలను, ముఖ్యంగా చికిత్స మధ్యలో మానేసినవారి మాటలను, వారి మాండలికంలోనే సేకరించే పని తెలుగు శాఖల క్షేత్రపరిశోధనలో ఇంకా చోటు సంపాదించుకోవలసి ఉంది. జానపద గేయాలకు నిర్మించుకున్న సేకరణ పద్ధతులు అందుకు చాలావరకు పనికివస్తాయి. ప్రశ్నావళి మాత్రం కొత్తగా రాసుకోవాలి. అందులో మొదటి ప్రశ్న ఏ జబ్బు అని కాక, ఆ రోజు పనికి వెళ్లారా అని ఉండటం మేలు.