గడప కుంగితే తలుపు పట్టదు

పాత ఎంజీబీ స్పోర్ట్స్ కారు కొనబోయేవాడు పనితనం తెలిసినవాడైతే ముందు బానెట్ ఎత్తడు. గొంతుక్కూర్చుని, తలుపు కింద సాగే రేకు పట్టీని స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పోతాడు. గట్టి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్నచోట మొద్దు చప్పుడు వస్తుంది, వెనకే లోపల పెచ్చులు రాలిన గలగల. ఇంగ్లండులో దాన్ని సిల్ అంటారు. మనకు గడప అంటే చాలు, కాలు దాటించి సీట్లో కూర్చునేది దాని మీదుగానే.

ఇంటి గడప పుచ్చిపోయినా పైకప్పు కూలదు. ఈ కారు సంగతి వేరు. 1962లో ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో మొదలైన ఎంజీబీకి లారీకి ఉన్నట్టు విడి ఛాసిస్ లేదు, ఒళ్లే ఎముక. టాపు లేని రోడ్‌స్టర్‌లోనైతే ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలిపి పట్టి ఉంచే బరువు చాలావరకు రెండు గడపల మీదా, నడుమ ఉన్న గేర్‌బాక్స్ సొరంగం మీదా పడుతుంది. అవి నీరసిస్తే కారు నడుం దిగుతుంది, తలుపు పై అంచున సందు ఇరుకైపోతుంది.

బయటికి ఒకే రేకులా కనిపించినా గడప లోపల పొరలున్నాయి. బయటి రేకు, మధ్యలో నిలువు రేకు, లోపలి రేకు. అడుగున నేలను కలుపుతూ కాజిల్ రైల్. నీళ్లు కారిపోవడానికి దాని అంచును కోటకొమ్మల్లా గాట్లు పెట్టి మలిచారు, పేరు అందుకే. ముందు చక్రం చిమ్మిన బురద మడ్‌గార్డు వెనక పేరుకుంటుంది. చలికాలంలో ఇంగ్లండు రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు అందులో నానుతుంది. గాట్లు పూడుకుపోతే ఇక తుప్పు తినడం లోపలినుంచే. చెదపట్టిన ద్వారబంధం రంగు చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నట్టే ఉంటుంది ఇదీ.

అందుకే మోసమూ సులువు. పుచ్చిన రేకు మీద కొత్త తొడుగు రేకు అతికి, పుట్టీ పెట్టి, రంగు కొట్టేస్తే చూపులకు గడప కొత్తదే. బ్రిటన్ ఎంఓటీ తనిఖీలో బరువు మోసే చోట పుట్టీ, ఫైబర్ అతుకులు చెల్లవు. టింకరింగ్ షెడ్లలో మనం చూసే పుట్టీ మీద నాకేమీ కోపం లేదు. సొట్ట పూడ్చడానికి అది మంచిదే, బరువు మోయమంటేనే తంటా.

అసలు పనిలో వెల్డింగ్ చిన్న భాగం. పెద్దది కొలత. కారును సమంగా, బరువు ఇరుసుల దగ్గరే పడేలా నిలబెడతారు. తలుపులు ఊడదీయకుండా చుట్టూ సందులు కొలిచి రాసుకుంటారు. తర్వాత తలుపు చట్రంలో ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి ఇనుప గొట్టాలు అడ్డంగా వెల్డ్ చేస్తారు. అప్పటిదాకా గ్రైండర్ ముట్టుకోరు. రెండు వైపులూ ఒకేసారి కొయ్యరు కూడా.

గడప తలుపుతో ఆగదు, ముందూ వెనకా మడ్‌గార్డుల కిందికి దూరి ఉంటుంది. కనిపించినంత మేరకే కోసి అతికితే రెండు చివర్లూ పుచ్చుతోనే మిగులుతాయి. స్పాట్ వెల్డ్ చుక్కలను ఒక్కొక్కటే డ్రిల్ చేసి రేకు విడదీస్తారు. కొత్త రేకును క్లాంపులతో బిగించి, తలుపు వేసి చూస్తారు. పట్టకపోతే క్లాంపులు వదులు చేసి మళ్లీ సర్దుతారు. ఈ తతంగం పదిసార్లు జరిగినా వింత లేదు. సందు కుదిరాకే మిగ్ వెల్డింగ్. అదీ వరసగా కాదు, ఇక్కడో చుక్క, అరగజం అవతల ఇంకో చుక్క. ఒకేచోట వేడి తగిలితే పల్చటి రేకు మెలితిరుగుతుంది.

1980లో తయారీ ఆగిపోయిన కారుకు ఇన్ని రేకులు ఎలా దొరుకుతున్నాయంటే, అయిదు లక్షలకు పైగా అమ్ముడైంది కనుక. పాత అచ్చులతోనే బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ 1988 నుంచి మొత్తం బాడీనే కొత్తగా కొట్టి ఇస్తోంది. మన అంబాసిడర్‌లో చాలాకాలం తిరిగిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్, ఎంజీబీ 1798 సీసీ ఇంజన్ ఒకే బి-సిరీస్ కుటుంబానివి. ఆ లెక్కన మనకు కాస్త చుట్టరికమే.

ఆఖరున అడ్డగొట్టాలు కోసేస్తారు. సందు కదల్లేదని కొలిచి చూసుకున్నాక గడప డొల్లలోకి మైనం చిమ్ముతారు. అది గడ్డకట్టకముందే ఒక తీగముక్క పట్టుకుని మళ్లీ కారు కిందికి దూరాలి, కాజిల్ రైల్ గాట్లను ఒక్కొక్కటే పొడిచి తెరవడానికి.