సుషిరవాద్యాలలో ‘పీర్ గింట్’

రంగస్థలం కోసం పుట్టిన సంగీతం రంగస్థలాన్ని విడిచి మనగలదా అన్న ప్రశ్న తెలుగువారికి కొత్తది కాదు. నాటకం చూడని వారి నోట సైతం పద్యనాటకాల పద్యాలు నిలిచాయి. నార్వే స్వరకర్త ఎడ్వర్డ్ గ్రీగ్ ‘పీర్ గింట్’ సంగీతం కథ కూడా ఇటువంటిదే.

ఇబ్సెన్ 1867లో ప్రచురించిన ఈ నాటకానికి, ఆయన కోరిక మేరకు గ్రీగ్ కూర్చిన సంగీతం 1876 ఫిబ్రవరి 24న క్రిస్టియానియాలో, అంటే నేటి ఓస్లోలో, ప్రదర్శనతో పాటు తొలిసారి వినిపించింది. అందులోంచి ఆయన తరువాత రెండు సూట్లు సంకలనం చేశాడు. 1888 నాటి తొలి సూట్ నాటక క్రమాన్ని పాటించదు. నాలుగో అంకంలోని ప్రభాతం మొదట వస్తుంది. రెండో అంకంలోని కొండరాజు సభ చివరకు చేరుతుంది. ఆ ప్రభాతం నార్వే కొండలది కాదు, ఆఫ్రికా ఎడారి సీమది. కథను విడిచిన సంగీతం శ్రోత ఊహలో మరో దేశాన్ని వెతుక్కుంది.

ఈ సూట్‌ను సుషిరవాద్య బృందానికి మలచినప్పుడు ప్రభాతం సులువుగానే ఒదుగుతుంది. మూలంలోనే దానిని ఫ్లూటు, ఓబో అందుకుంటాయి. మంద్రంగా మొదలై వేగం పుంజుకొనే కొండరాజు సభలో ఇత్తడి వాద్యాలకు, డప్పులకు కరతాళధ్వనులు తప్పవు. అసలు పరీక్ష ‘ఓసె మరణం’. మూలంలో అది కేవలం తంత్రీవాద్యాల రచన. కమానుకు ఊపిరి అక్కరలేదు, క్లారినెట్టుకు కావాలి. వాదకులందరూ ఒకేచోట ఊపిరి తీస్తే దుఃఖం ముక్కలవుతుంది. ఒకరు ఆగినచోట మరొకరు నిలబెట్టాలి. సన్నాయి మేళంలో శ్రుతి తెగకుండా చూసే నేర్పే ఇక్కడా అవసరం. స్వరాన్ని ట్రంపెట్లకు అప్పగిస్తే తల్లి మరణశయ్య కాస్తా శవయాత్రగా మారుతుంది.

ఇటువంటి మార్పు మూలానికి ద్రోహమన్న వాదం నిలవదు. మిత్రుడు రికార్డ్ నూర్‌ద్రాక్ స్మృతిలో పియానోకు రాసిన శోకగీతాన్ని గ్రీగ్ స్వయంగా సుషిరవాద్యాలకు కూర్చాడు. అయితే మంచి అనుసరణ అనువాదం వంటిది: పోయినదానికి బదులు కొత్తది ఇవ్వాలి. ఇక్కడ ఇవ్వగలిగింది మానవశ్వాస.

ఉత్తరాంధ్ర నుంచి రైల్వే కొలువులకై వచ్చిన కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఖరగ్‌పూర్ వంటి పట్టణంలో బ్యాండుమేళమంటే ఊరేగింపు, సంరంభం. అటువంటి చోట ఈ రచనను వినిపించదలచిన సంస్థలు బృందం సామర్థ్యాన్ని కొండరాజు కోలాహలంతో కాక, ఓసె చివరి క్షణాల నిశ్శబ్దంతో కొలవడం ఉచితం. మేళానికి మౌనం కూడా తెలుసునని శ్రోతకు తెలియడమే ఆ ప్రయత్నానికి సార్థకత.