హెచ్చరిక లేనంతనే దోషము లేనట్లా?

ప్రోగ్రామును నడపకయే, దాని వాక్యములను చదివి తప్పులెన్ను సాధనములు కలవు. వానిలో పేరుపొందినది కవరిటీ. అయినను ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో 2012లో విడుదలయిన ‘హార్ట్‌బ్లీడ్’ దోషమును అది కనిపెట్టలేకపోయెను. 2014 ఏప్రిల్‌లోగాని లోకమునకు తెలియలేదు.

ఒక్క అక్షరము పంపి, “పొడవు 64 కిలోబైట్లు” అన్నచో సర్వరు నమ్మి, తన మెమరీలోని రహస్యములను సైతము జతచేసి తిరిగి పంపెడిది! ఆ పొడవు పరాయివాడు చెప్పినదని సాధనము ఎరుగదు. అసలు లోపమిదియే.

తరువాత కవరిటీవారు ఒక ఉపాయము పన్నిరి. బైట్ల వరుస తిరగవేసి చదివిన సంఖ్య నెట్‌వర్కునుండి వచ్చినదై యుండును గదా! అట్టిదానిని శంకింపుమని నేర్పగా దోషము పట్టుబడెను. ఇందువలన నిర్దోషమైన వాక్యములును కొన్ని అనుమానమునకు గురియగును. ఇట్టి గ్రంథాలయమునకు ఆ శ్రమ ఎక్కువ కాదని మా అభిప్రాయము.