గుంపు వద్దన్న నియమం, గుంపుతో సాగే పని: చిన్న నిర్మాణాలకు 2020 కోవిడ్ మార్గదర్శకాల వర్తింపు – ఒక విమర్శ

1. ఉపోద్ఘాతం:

కోవిడ్-19 కాలంలో తెలుగునాట తరచుగా వినిపించిన హెచ్చరికలలో 'గుంపులుగా చేరవద్దు' అన్నది ఒకటి. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా వ్యవహారంలో 'గుంపు' అన్న మాటకు మరో అర్థం కూడా ఉంది. అడ్వాన్సు ఇచ్చి కూలీలను సమకూర్చి పనిచోటికి తీసుకుపోయేవాడు గుంపు మేస్త్రీ. అతని వెంట నడిచే శ్రామిక సముదాయం గుంపు. 'పాలమూరు లేబర్' పేరుతో ఆనకట్టలు, కాలువలు, భవనాలు కట్టినది ఈ గుంపే. ఒకచోట ప్రమాదాన్ని, మరొకచోట బతుకుదెరువును సూచించే ఈ పదం ఆధారంగా, చిన్న, మధ్యతరహా నిర్మాణాలకు నాటి రక్షణ నియమాలు ఎంతవరకు వర్తించాయో పరిశీలించవలసి ఉంది.

2. నియమాలు ఊహించిన పనిచోటు:

కేంద్ర హోంశాఖ 2020 ఏప్రిల్ 15న ఇచ్చిన ఉత్తర్వు, ఏప్రిల్ 20 నుంచి కొన్ని నిర్మాణ పనులకు అనుమతినిచ్చింది. వచ్చిపోయేవారందరికీ ఉష్ణోగ్రత పరీక్ష, ద్వారాల వద్ద చేతుల శుభ్రతకు ఏర్పాటు, షిఫ్టుల మధ్య గంట వ్యవధి, వేర్వేరు వేళల్లో భోజన విరామం, కార్మికులకు వైద్యబీమా అందులోని ముఖ్యాంశాలు. పదిమంది, అంతకుమించి ఒకచోట చేరడాన్ని నిరుత్సాహపరచాలనీ అందులో ఉంది. వైద్యదృష్టితో ఇవి సమంజసమైనవే. అయితే ఇవి ద్వారం, షిఫ్టు, హాజరుపట్టీ ఉన్న 'సంస్థ'ను ఉద్దేశించినవి. నాడు అమలులో ఉన్న 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం కూడా పదిమంది, అంతకుమించి పనిచేసే సంస్థలకే వర్తించేది. అందులో భద్రతా సంఘం, భద్రతాధికారి నియమం 500 మంది స్థాయిలో మొదలయ్యేది. ఇంటి యజమాని, మేస్త్రీ, సెంట్రింగ్ గుత్తేదారు బాధ్యతను పంచుకునే చోట 'యాజమాన్యం' ఎవరన్న ప్రశ్నకు ఈ పాఠంలో సమాధానం దొరకదు. బాధ్యుని పేరు చెప్పని నియమపు భారం చివరకు కూలీ మీదనే పడుతుంది.

3. కొత్తకోట నుంచి చూసినప్పుడు:

వనపర్తి జిల్లా కొత్తకోట 44వ జాతీయ రహదారి మీది పురపాలక పట్టణం. పురపాలక పరిధిలో, కార్మికులు పనిచోటనే ఉండి బయటినుంచి ఎవరినీ రప్పించనవసరం లేని పనులకే ఏప్రిల్ ఉత్తర్వు అనుమతినిచ్చింది. చుట్టుపక్కల పల్లెల నుంచి పొద్దున వచ్చి సాయంత్రం తిరిగిపోయే కూలీలపై ఆధారపడే చిన్న పట్టణాలకు ఈ షరతు పొసగదు. తెలంగాణ ప్రభుత్వం మే 7 వరకు సడలింపులు ఇవ్వరాదని నిర్ణయించినందున ఈ షరతు ఇక్కడ ఆచరణలో పరీక్షకు నిలువలేదు. దాని వెనుకనున్న మహానగర నిర్మాణ శిబిరపు ఊహ మాత్రం స్పష్టమే.

పని స్వభావమూ గమనించదగినది. స్లాబు వేసే రోజున మిల్లర్ నుంచి పైకప్పు దాకా కూలీలు వరుసగా నిలిచి తట్టలు చేతులు మార్చుకుంటారు. సిమెంటు గట్టిపడేలోగా కాంక్రీటు పరవాలి కనుక పనిని మధ్యలో ఆపలేరు. ఆరడుగుల ఎడమూ, విడివిడి భోజన వేళలూ అక్కడ కూలీల అజాగ్రత్త వల్ల కాక పదార్థ ధర్మం వల్లనే విఫలమవుతాయి.

4. గుంపు బలం, బలహీనత:

గుంపును కేవలం అపాయంగా చూడడం వల్ల దానిలోని రక్షణావకాశం మరుగున పడింది. ఒకే ఊరివారు, ఒకరినొకరు ఎరిగినవారు, కలిసి ప్రయాణించి కలిసి పనిచేసేవారు సహజంగానే ఒక స్థిర బృందం. ఒక గుంపును మరొక గుంపుతో కలవనీయకపోవడం చిన్న పనిచోటుకు సాధ్యమైన నియమం. అయితే గుంపును ఆదర్శీకరించడమూ సరికాదు. అడ్వాన్సు తీసుకున్న కూలీకి జ్వరం వచ్చినా పని మానడం తేలిక కాదు. మానిన రోజు అప్పుగానే మిగులుతుంది. లాక్‌డౌన్ కాలపు వేతనం కోత లేకుండా చెల్లించాలన్న మార్చి 29 నాటి ఉత్తర్వు కూడా మే 18 నుంచి అమలులో లేకుండా పోయింది.

5. ముగింపు:

2020 నాటి మార్గదర్శకాల లోపం శాస్త్రీయతలో కాక సంబోధనలో ఉంది. అవి సంస్థతో మాట్లాడాయి, మేస్త్రీతో మాట్లాడలేదు. మాస్కు ఎవరు కొనాలి, జ్వరం వచ్చిన రోజు కూలి ఎవరివ్వాలి అన్న రెండు ప్రశ్నలకు పేరుపెట్టి జవాబు చెప్పే నియమమే చిన్న నిర్మాణానికి రక్షణ కాగలదు. అటువంటి నియమం గుంపును చెదరగొట్టడంతో కాక, గుంపును గుర్తించడంతో మొదలుకావలసి ఉంటుంది.