‘టేక్’, ‘తీసుకొను’, ‘పట్టు’: ఒక పరిశీలనము

ఆంగ్లమున ‘టేక్’ అను క్రియ దేశ్యము కాదు. ప్రాచీన స్కాండినేవియను భాషలోని ‘టాకా’ నుండి ప్రాచీనాంగ్లయుగము చివర ప్రవేశించి, ‘నిమన్’ అను దేశ్యక్రియను క్రమముగా తొలగించినది. గ్రహణము దాని ప్రధానార్థము; నేడు దాని అర్థమును నిర్ణయించునది చాలవరకు కర్మపదమే.

కావున ‘తీసుకొను’ అను ఒకే పర్యాయముతో దానిని తెలిగించుట పొరపాటు. మందు పుచ్చుకొందుము, స్నానము చేయుదుము, పరీక్ష వ్రాయుదుము, ఛాయాచిత్రము తీయుదుము. పనికి కాలము పట్టును. ఈ ఐదింటికిని ఆంగ్లమున ‘టేక్’ ఒక్కటే చాలును. మన ‘పట్టు’ధాతువు వ్యాప్తియు తక్కువది కాదు. చెమట పట్టుట, తుప్పు పట్టుట, బిడ్డకు పాలు పట్టుట, మరలో పిండి పట్టుట - వీనిలో ఒక్కచోటను ‘టేక్’ నిలువదు. ఈ రెండు క్రియలును కలిసికొను తావులలో కాలవిషయము ముఖ్యమైనది.

అచ్చటనే ప్రమాదము కలుగుచున్నది. ‘ఈ పని రెండు రోజులు తీసుకొంటుంది’ అను వాక్యము నేడు తరచుగా వినవచ్చుచున్నది. తెలుగు వాక్యమున కాలము కర్త, పని షష్ఠ్యంతము. ఈ అనువాదమున పని కర్తయై, కాలము కర్మయైనది. మాఱినది పదము మాత్రమే యనుకొందుము, వాక్యనిర్మాణమే మాఱినది.

‘నిమన్’ జాడ ఆంగ్లమున తిమ్మిరిని తెలుపు ‘నమ్’ అను విశేషణమున మిగిలినది. మన క్రియకు ఆ గతి పట్టరాదు.