పటమూ పాఠమే: వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ మార్గచిహ్నాలలో అర్థబోధ

అంతర్జాలంలో అనేకులు ఒకేసారి పాల్గొనే పాత్రధారణ క్రీడలను కథనరూపాలుగా పరిశీలించేటప్పుడు కథ, పాత్రలు, సంభాషణలు సహజంగానే ముందుకు వస్తాయి. తెర మూలన కనిపించే పటాన్నీ, పాత్రల తలలపై వెలిగే గుర్తులనూ కేవలం ఉపకరణాలుగా భావించి విడిచిపెట్టే అవకాశం ఎక్కువ. ఈ విభజన సమంజసమేనా అన్నది పరిశీలించవలసిన విషయం. బ్లిజర్డ్ ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ 2004 నవంబరులో విడుదల చేసిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆధారంగా, మార్గచిహ్నాలు కథాపాఠంలో అంతర్భాగాలనీ, అవి మారినప్పుడు మాటలు మారకపోయినా పాఠం మారుతుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ఈ క్రీడలో పటాలు రెండు. తెరపై కుడిమూలన ఉండేది గుండ్రని చిన్న పటం. దాని నడుమనున్న బాణం ఆటగాడికి గుర్తు. ఆటగాడు ఎంత నడిచినా బాణం నడిమధ్యనే ఉంటుంది. నేల దాని కింద జరుగుతుంది. రెండవది విడిగా తెరిచి చూసుకొనే పెద్ద పటం. అందులో నేల స్థిరం, బాణం చరం. ఆటగాడు అడుగుపెట్టని ప్రాంతాలు ఈ పటంలో పాత కాగితంలా ఖాళీగా కనిపిస్తాయి; చూసివచ్చిన కొద్దీ వివరాలు నిండుతాయి. చిన్న పటంలో వ్యక్తి కేంద్రం, పెద్ద పటంలో లోకం కేంద్రం. ఒకటి సమీపంలో ఏమున్నదో చెబుతుంది. రెండవది ఇంతవరకు జరిగిన ప్రయాణాన్ని నమోదు చేస్తుంది.

ఈ పటాలపైనా, పాత్రలపైనా కనిపించే గుర్తులు విడివిడిగా పదాల వంటివి. వాటి కలయికవల్ల వాక్యార్థం ఏర్పడుతుంది. వాక్యార్థబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావాలని చెప్పిన భారతీయ శబ్దార్థచింతన ఇక్కడ చక్కగా అన్వయిస్తుంది.

మొదటిది ఆకాంక్ష. ఆటగాడికి అప్పగించడానికి పని ఉన్న పాత్ర తలపై పసుపురంగు ఆశ్చర్యార్థక చిహ్నం కనిపిస్తుంది. క్వెస్ట్ అనే ఆ పనిని స్వీకరించి, పూర్తిచేయకుండా తిరిగివస్తే బూడిదరంగు ప్రశ్నార్థకం ఎదురవుతుంది. పూర్తిచేసి వస్తే అదే ప్రశ్నార్థకం పసుపురంగుకు మారుతుంది. ఆశ్చర్యార్థకం కథను తెరుస్తుంది, ప్రశ్నార్థకం మూస్తుంది. రచనలో వాక్యాంతాన నిలిచే రెండు విరామచిహ్నాలు ఇక్కడ ఆద్యంతాలను పంచుకున్నాయి. మొదటి గుర్తును చూసిన ఆటగాడికి రెండవదానిపై కలిగే అపేక్ష, కర్తృపదం విన్న శ్రోతకు క్రియాపదంపై కలిగే అపేక్ష వంటిదే. బూడిదరంగు అసమాపక క్రియ. పసుపురంగు సమాపక క్రియ.

రెండవది సన్నిధి. మూలికలు సేకరించే వృత్తిని ఎంచుకొన్న ఆటగాడు అన్వేషణశక్తిని వినియోగించినప్పుడు, దగ్గరలోని మొక్కలు చిన్న పటంపై చుక్కలుగా కనిపిస్తాయి. దూరం పెరిగితే చుక్క మాయమవుతుంది. ఆ చుక్కకు అర్థం అది సూచించే వస్తువు సామీప్యంపైనే ఆధారపడి ఉంది. నగరరక్షకుణ్ణి దారి అడిగినప్పుడు మరొక రకమైన సన్నిధి ఏర్పడుతుంది: అతడు సమాధానం చెబుతాడు, వెంటనే పటంపై ఎర్రజెండా పడుతుంది. మాట, గుర్తు పక్కపక్కన నిలిచి ఒకే అర్థాన్ని పూరిస్తాయి.

మూడవది యోగ్యత. థండర్ బ్లఫ్ నగరం నిట్టనిలువు కొండలమీద ఉంది. కింది మైదానంనుంచి లిఫ్టులలో పైకి చేరాలి. పటం చదునైనది కనుక కొండ అడుగున నిలిచినవాడికీ, పైనున్నవాడికీ బాణం దాదాపు ఒకేచోట కనిపిస్తుంది. గమ్యం చేరినట్టు పటం చెబుతుంది, ఎదుట రాతిగోడ ఉంటుంది. ఈ బాధ ఏర్పడినప్పుడే ఆటగాడు పటంనుంచి కన్ను తిప్పి పరిసరాలను చదవడం మొదలుపెడతాడు.

ఇంతవరకు గుర్తులు మాటకు తోడుగా నిలిచాయి. 2009 డిసెంబరులో వచ్చిన 3.3 సంచికతో ఈ సంబంధం మారింది. అంతకుముందు గమ్యాన్ని క్వెస్ట్ వచనంలోని దిక్కులు, దారులు, ఆనవాళ్ళనుంచి గ్రహించాలి. లేదా ఇతరులు రూపొందించిన అదనపు ఉపకరణాలను ఆశ్రయించాలి. ఈ సంచికతో గమ్యప్రాంతాలు ప్రధాన పటంపైనే అంకెలతో, నీలిరంగు పరిధులతో కనిపించసాగాయి.

ఈ మార్పు ప్రభావం మాన్‌క్రిక్ ఉదంతంలో స్పష్టమవుతుంది. బారెన్స్ అనే విశాలమైన ఎండుభూమిలో, క్రాస్‌రోడ్స్ అనే కూడలిలో నిలిచిన మాన్‌క్రిక్, యుద్ధంలో తననుంచి విడిపోయిన భార్యను వెదకమని కోరతాడు. అతడు చెప్పే ఆచూకీ స్థూలమైనది. చివరకు లభించేది ఆమె మృతదేహం. ఆమె ఎక్కడున్నదని ఆటగాళ్ళు ఆ ప్రాంతపు సంభాషణమార్గంలో ఒకరినొకరు అడగడం ఎంతగా సాగిందంటే, ఆ ప్రశ్నే ఆటగాళ్ళ సమాజంలో నానుడిగా స్థిరపడింది. భర్త ఆర్తిలోని అస్పష్టత వెదికేవారి అనుభవంలోకి ప్రవహించింది. దారి తెలియకపోవడమే అక్కడ కరుణకు ఉద్దీపనం. పటంపై పరిధి వెలిసిన తరువాత మాన్‌క్రిక్ మాటలు విన్నా, వినకపోయినా ఆటగాడు అక్కడికి చేరగలడు. వ్యంజించవలసిన అర్థం వాచ్యమైపోయింది.

మార్గనిర్దేశం స్వయంగా కావ్యవస్తువు కాగలదని మేఘదూతంలోని పూర్వభాగం చాలాకాలం కిందటే నిరూపించింది. యక్షుడు మేఘానికి చెప్పిన దారి అంతటా విరహమే పరచుకొని ఉంది. దానికి బదులు అలకానగరంపై ఒక గుర్తు ఉంచితే సమాచారం అందుతుంది, కావ్యం అందదు.

అయితే పాతపద్ధతిని ఆదర్శీకరించడం కూడా సరికాదు. 2019 ఆగస్టులో ప్రాచీనరూపాన్ని వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ పేరిట పునర్విడుదల చేసినప్పుడు గమ్యపరిధులు లేవు. అయినా ఆ గుర్తులను తిరిగి పటంపైకి తెచ్చే క్వెస్టీ అనే ఉపకరణాన్ని ఎందరో ఆటగాళ్ళు స్వయంగా చేర్చుకొన్నారు. ఆంగ్లవచనం కష్టమైనవారికి, ఆడుకొనే సమయం తక్కువగా ఉన్నవారికి గుర్తు ఒక ప్రవేశద్వారం. కనుక గుర్తులు ఉండాలా వద్దా అన్న ప్రశ్నకంటే, ఏ గుర్తు ఏ మాట పనిని తీసుకొంటున్నది అన్న ప్రశ్న విమర్శకు ఉపయుక్తం.

దీనినుంచి ఒక పరిశోధనసూత్రం తేలుతుంది. క్రీడలోని సంభాషణలను మాత్రమే సేకరించి విశ్లేషిస్తే 2004 నాటి మాన్‌క్రిక్ మాటలకూ, 2009 చివరినాటి మాటలకూ భేదం కనిపించకపోవచ్చు. తాళపత్రాలను పరిష్కరించేవారు అక్షరంలోని పాఠభేదాన్ని గుర్తిస్తారు. క్రీడాపాఠాన్ని పరిశీలించేవారు అక్షరం చెక్కుచెదరకుండానే కలిగే పాఠభేదాన్ని సైతం గుర్తించాలి. ఏ సంచిక, ఏ పటం, ఏ ఉపకరణంతో చదివిన పాఠమో పేర్కొనకుండా చేసే వ్యాఖ్యానం, ప్రతిని పేర్కొనకుండా చేసిన పరిష్కరణవలె అసంపూర్ణంగానే మిగులుతుంది.