గెర్నికా: దించిన పిడికిలి

మన అభ్యుదయ విమర్శలో ఒక పాత తగాదా ఉంది. ప్రజలకోసం పుట్టే కళ ప్రజలకు వెంటనే తెలిసే రూపంలోనే ఉండాలనీ, వంకర ముఖాలూ విరిగిన రేఖలూ ధనికవర్గపు విలాసాలనీ కొందరంటారు. రూపంలో కొత్తదనం ఉంటే చాలు, వస్తువేదైనా ఫరవాలేదని మరికొందరంటారు. ఈ ఉభయపక్షాలవారినీ మాడ్రిడ్ నగరంలోని రెయినా సోఫియా మ్యూజియంకు తీసుకుపోయి, పికాసో చిత్రం "గెర్నికా" ఎదుట నిలబెట్టాలని నాకనిపించింది.

ఆ భవనం పద్దెనిమిదో శతాబ్దంలో పెద్దాసుపత్రిగా కట్టింది. నేను ఉచిత ప్రవేశమున్న సాయంకాలం పోయాను. రెండో అంతస్తులోని ఆ గది జనంతో నిండివుంది. చిత్రం దాదాపు 3.5 మీటర్ల ఎత్తు, 7.8 మీటర్ల పొడవు. నలుపు, తెలుపు, బూడిద రంగులు తప్ప మరేవీ లేవు. చచ్చిన బిడ్డను పట్టుకొని ఆకాశంకేసి నోరు తెరిచిన తల్లి, ఈటె దిగబడిన గుర్రం, కదలని ఎద్దు, విరిగిన కత్తితో నేలకూలిన మనిషి. విమానం లేదు, బాంబు లేదు, శత్రువు ముఖం లేదు.

అందుచేతనే చాలామంది దీన్ని యుద్ధం చెడ్డదని చెప్పే శాంతి చిత్రంగా మెచ్చుకొని ముందుకు సాగిపోతారు. కాని దీని పేరు యుద్ధం కాదు, ఒక ఊరి పేరు. 1937 ఏప్రిల్ 26న, సోమవారం సంతనాడు, హిట్లర్ పంపిన కాండర్ దళమూ, ముస్సోలినీ విమానాలూ ఫ్రాంకో పక్షాన ఆ బాస్క్ పట్నాన్ని ధ్వంసం చేశాయి. ఊరిని బాస్కులే తగలబెట్టుకున్నారని ఫ్రాంకో పక్షం ప్రచారం చేసింది. పారిస్ ప్రదర్శనలో స్పెయిన్ రిపబ్లిక్ మంటపానికి చిత్రం వేయడానికి ఒప్పుకొనివున్న పికాసో మే 1న చిత్తుబొమ్మలు మొదలుపెట్టి, జూన్ తొలిరోజులకల్లా చిత్రాన్ని పూర్తిచేశాడు. ఆ అబద్ధానికి జవాబు ఆ పేరులోనే ఉంది.

ఇక రూపం మాట. చిత్రం తయారవుతుండగా డోరా మార్ దశలవారీగా తీసిన ఫొటోలున్నాయి. అభ్యుదయ విమర్శకుడు వాటిని ముఖ్యంగా చూడాలి. తొలిదశలో నేలకూలిన యోధుడి చెయ్యి బిగించిన పిడికిలితో నిటారుగా లేచివుంది. తరువాత ఆ పిడికిట్లో మొక్కల గుత్తి, వెనుక సూర్యబింబం చేరాయి. చివరకు పికాసో రెంటినీ తీసివేశాడు. చెయ్యి నేలకు దిగింది. సూర్యుడు పోయి కన్నులాంటి కాంతిలో కరెంటు బల్బు వచ్చింది. విరిగిన కత్తి పక్కన చిన్న పువ్వొకటి మిగిలింది.

ఇది వెనుకంజ అని మనలో కొందరు బాధపడవచ్చు. నేనలా అనుకోను. పైనుంచి బాంబులు పడుతున్న వీధిలో ఆ క్షణాన పిడికిలి ఎత్తగలిగినవాడు లేడు. ఎత్తినట్టు గీస్తే చూచేవాడికి ఓదార్పు దొరికేది, తన వంతు పని అయిపోయినట్టు తృప్తిగా ఇంటికి పోయేవాడు. తల్లి ముఖం అలా వంకరపోవడం చిత్రకారుడి సరదా కాదు, ఆమెకు జరిగినది. నినాదాన్ని తీసివేయడంవల్ల వస్తువు పోలేదు, మరింత బలపడింది.

1939 ఆరంభంలో లండన్ కార్మికపేటలోని వైట్‌చాపెల్ చిత్రశాలలో ఈ చిత్రాన్ని చూడవచ్చినవారిని, ప్రవేశ రుసుముగా, స్పెయిన్ యోధులకు పంపేందుకు ఒక జత బూట్లు ఇమ్మన్నారు. ప్రజాస్వామిక స్వేచ్ఛలు తిరిగివచ్చేదాకా చిత్రం స్పెయిన్ చేరరాదని పికాసో పట్టుపట్టాడు. ఫ్రాంకో 1975లో పోయాక, 1981లో అది వచ్చింది; 1992నుంచి ఈ మ్యూజియంలో ఉంది. ప్రజలకు అర్థమవుతుందా లేదా అని తగవులాడేవారు ఆ బూట్ల సంగతి గుర్తుంచుకోవాలి. రూపం కొత్తదే అయినా, అది ఎవరి పక్షమో, తమనుంచి ఏమి కోరుతున్నదో లండన్ కార్మికులకు తెలియకపోలేదు.